లినక్స్ కెర్నల్‌లో పవర్ ఆఫ్: బోర్డు నిజంగా ఆరిపోయేలా చేయడం ఎలా

సీరియల్ కన్సోల్‌లో చివరి వరుస "రీబూట్: పవర్ డౌన్" అని కనిపించింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. పని అయిపోయిందనుకుని బోర్డును పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున చూస్తే బ్యాటరీ అడుగంటి ఉంది. ఛార్జింగు పెట్టి, మళ్లీ ఆపి, ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ మీద మల్టీమీటర్ మొన ఆనించాను. 3.3 వోల్టులు నిలకడగా చూపిస్తోంది. కెర్నల్ తన మటుకు తాను సెలవు తీసుకుంది గానీ కరెంటు కట్టేసేవారు ఎవరూ లేరు.

ఆ రోజు నుంచి పవర్ ఆఫ్‌ను నేను ఒక ఆదేశంగా కాక ఒక వరుసగా చూడడం మొదలుపెట్టాను. రాత్రి దుకాణం కట్టేసేవారు ముందు లెక్క చూసుకుంటారు, తర్వాత సరుకు లోపల పెడతారు, మెయిన్ స్విచ్ అన్నిటికన్నా చివర ఆపుతారు. మెయిన్ ముందే ఆపేస్తే చీకట్లో లెక్క చూసుకోవాల్సి వస్తుంది. అసలు ఆపకపోతే నా బోర్డుకు పట్టిన గతే పడుతుంది. మీ డ్రైవర్ చేయాల్సిన ప్రతి పనినీ ఈ వరుసలో సరైన చోట పెట్టడమే మొత్తం కిటుకు.

కొత్త బోర్డు మీద లినక్స్ నడిపించే పనిలో ఉన్నవారి కోసం, పవర్ చిప్‌కు డ్రైవర్ రాస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మీ దగ్గర 5.19 లేదా ఆ తర్వాతి కెర్నల్ ఉందని అనుకుంటున్నాను. ఫంక్షన్ల పేర్లను పలికినట్టే తెలుగు లిపిలో పెట్టాను. పేరు మధ్యలో కింది గీత కనిపిస్తే సోర్సులోనూ అక్కడ అదే గీత ఉంటుంది.

మొదటి మెట్టు: కరెంటు కోసే చెయ్యి ఎవరిదో కనుక్కోండి

ప్రాసెసర్ తన కరెంటును తాను కోసుకోలేదు. బయట ఉన్న మరొకరిని అడగాలి. ఆ మరొకరు ఎవరన్నది బోర్డు స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) చెబుతుంది. కోడ్ ఎడిటర్ కన్నా ముందు దాన్ని తెరవండి.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో అయితే ఏటీఎక్స్ పవర్ సప్లై నుంచి వచ్చే 24 పిన్నుల కనెక్టర్‌ను చూడండి. అందులో 16వ పిన్నుకు ఆకుపచ్చ తీగ ఉంటుంది. మదర్‌బోర్డు ఆ తీగను సున్నా వోల్టులకు లాగి పట్టుకున్నంతసేపు ప్రధాన సరఫరాలు నడుస్తాయి, వదిలేస్తే ఆగిపోతాయి. కెర్నల్ ఆ తీగను నేరుగా ముట్టుకోదు. ఏసీపీఐ అనే పవర్ నిర్వహణ ప్రమాణంలో ఎస్5 (పూర్తిగా ఆగిన) స్థితిని సూచించే విలువను పీఎమ్1 కంట్రోల్ రిజిస్టర్‌లో రాసి, నిద్ర బిట్‌ను పైకి లేపుతుంది. మిగతాది చిప్‌సెట్ చూసుకుంటుంది. ఆ తర్వాత కూడా 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా బతికే ఉంటుంది. పవర్ బటన్ నొక్కితే యంత్రం లేచేది ఆ సరఫరా వల్లనే. ఇలాంటి యంత్రాల్లో కరెంటు కోసే పని ఏసీపీఐ డ్రైవర్ ఎప్పుడో చేసిపెట్టింది. మీరు రాయాల్సింది మీ పరికరం సర్దుకునే భాగం మాత్రమే.

ఆర్మ్ బోర్డుల్లో సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఫర్మ్‌వేర్‌ను అడగడం. పవర్ పనులకు ఫర్మ్‌వేర్‌ను పిలిచే పద్ధతిని చెప్పే పీఎస్‌సీఐ ప్రమాణంలో సిస్టమ్ ఆఫ్ పిలుపుకు హెక్సాడెసిమల్‌లో 84000008 అనే సంఖ్య ఉంది. కెర్నల్ ఆ సంఖ్యతో సెక్యూర్ ఫర్మ్‌వేర్‌ను పిలుస్తుంది, ఫర్మ్‌వేర్ మిగతాది చేస్తుంది. రెండు, పీఎమ్‌ఐసీ అనే పవర్ నిర్వహణ చిప్‌కు ఐ2సీ లేదా ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే సీరియల్ బస్సులు) తీగల మీదుగా ఒక రిజిస్టర్ రాయడం. మూడు, ఒక జీపీఐఓ కాలును, అంటే సాఫ్ట్‌వేర్ నేరుగా అదుపు చేయగల పిన్నును, ఎత్తడం లేదా దించడం.

మీది మొదటి రకమై, ఫర్మ్‌వేర్ ఆ పిలుపును సరిగా అమలు చేసి ఉంటే డ్రైవర్ రాయనక్కరలేదు. మూడో రకమైతే కెర్నల్‌లో జీపీఐఓ-పవర్‌ఆఫ్ అనే డ్రైవర్ సిద్ధంగా ఉంది. డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలులో, ఒక నోడ్ రాసి ఏ కాలో చెబితే చాలు. ఆ డ్రైవర్ కాలును చేతనం చేసి 100 మిల్లీసెకన్లు ఆగుతుంది, అచేతనం చేసి మరో 100 ఆగుతుంది, మళ్లీ చేతనం చేసి 3000 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. అంచు మారితే స్పందించే సర్క్యూటైనా, స్థాయిని బట్టి స్పందించే సర్క్యూటైనా ఒకే డ్రైవర్‌తో ఆగాలనే ఇలా చేస్తుంది. ఈ మూడు వ్యవధులనూ డివైస్ ట్రీ నుంచి మార్చుకోవచ్చు. సొంతంగా కొత్త డ్రైవర్ రాయాలన్న ఉత్సాహాన్ని ఇక్కడ అణచుకోండి.

రెండో రకం మీదైతే మిగతా వ్యాసమంతా మీకోసమే.

రెండో మెట్టు: ఆదేశం నడిచే దారిని ఒకసారి నడిచి చూడండి

పవర్‌ఆఫ్ అని టైపు చేయగానే ముందు కదిలేది సిస్టమ్‌డీ, అంటే సేవలన్నిటినీ నడిపే ఒకటో నంబరు ప్రాసెస్. సేవలన్నిటినీ ఆగమంటుంది, మాట వినని వాటికి మామూలుగా 90 సెకన్ల గడువిచ్చి బలవంతంగా చంపుతుంది, ఫైల్ సిస్టమ్‌లను దించుతుంది. చివరికి రీబూట్ అనే సిస్టమ్ కాల్ చేస్తుంది.

ఆ కాల్ పొరపాటున జరగకుండా రెండు గుర్తు సంఖ్యలు అడుగుతారు. రెండో సంఖ్యగా ఒప్పుకునే విలువల్లో ఒకటి 672274793. దాన్ని హెక్సాడెసిమల్‌లో రాస్తే 28121969 వస్తుంది, అది లైనస్ టోర్వాల్డ్స్ పుట్టిన తేదీ. సంఖ్యలు సరిపోయి, పిలిచినవారికి బూట్ అనుమతి ఉంటేనే కెర్నల్ ముందుకు కదులుతుంది.

ఇక్కడే మొదటి గొయ్యి ఉంది. పవర్ ఆఫ్ అడిగినప్పుడు కెర్నల్ ముందుగా కెర్నల్_క్యాన్_పవర్_ఆఫ్ అనే ఫంక్షన్‌ను అడిగి, కరెంటు కోసేవారు ఎవరైనా నమోదై ఉన్నారా అని చూసుకుంటుంది. ఎవరూ లేకపోతే మీ ఆదేశాన్ని హాల్ట్‌గా మార్చేస్తుంది. హాల్ట్ అంటే ప్రాసెసర్ ఆగుతుంది, కరెంటు ఆగదు. కన్సోల్‌లో "పవర్ డౌన్" బదులు "సిస్టమ్ హాల్టెడ్" అన్న మాట కనిపిస్తే మీ డ్రైవర్ నమోదు కాలేదని అప్పుడే తెలుసుకోవచ్చు.

నమోదైనవారు ఉంటే కెర్నల్_పవర్_ఆఫ్ మొదలవుతుంది. అందులో పనులు ఈ వరుసలో జరుగుతాయి:

1. రీబూట్ నోటిఫైయర్ గొలుసులో నమోదైన వారందరికీ కబురు వెళ్తుంది.
2. సిస్టమ్ స్థితి "పవర్ ఆఫ్"గా మారుతుంది, కెర్నల్ నుంచి యూజర్ ప్రోగ్రాములను పిలిచే సదుపాయం మూతపడుతుంది.
3. డివైస్_షట్‌డౌన్ ప్రతి పరికరం డ్రైవర్‌లోని షట్‌డౌన్ కాల్‌బ్యాక్‌ను (సమయం వచ్చినప్పుడు పిలవమని డ్రైవర్ కెర్నల్‌కు ఇచ్చి ఉంచిన ఫంక్షన్‌ను) పిలుస్తుంది.
4. పవర్ ఆఫ్ సన్నాహక గొలుసు నడుస్తుంది.
5. పని మొత్తం ఒక్క ప్రాసెసర్ మీదికి, మామూలుగా సున్నా నంబరు దాని మీదికి, మారుతుంది. సిస్‌కోర్ షట్‌డౌన్ (కెర్నల్ మూల భాగాల సర్దుబాటు) జరుగుతుంది.
6. "పవర్ డౌన్" సందేశం అచ్చవుతుంది, కెర్నల్ లాగ్ భద్రపరచుకునే వారికి అవకాశం దొరుకుతుంది.
7. మెషిన్_పవర్_ఆఫ్ వస్తుంది. ఆర్మ్‌లో ఇది ఇంటరప్టులు మూసేస్తుంది, మిగతా ప్రాసెసర్లను ఆపేస్తుంది, అసలైన పవర్ ఆఫ్ గొలుసును నడుపుతుంది.

ఆరు, ఏడు అంకెల మధ్య ఉన్న గీతను మనసులో గట్టిగా గీసుకోండి. దానికి ఇటువైపు మీరు నిద్రపోవచ్చు (ప్రాసెసర్‌ను వేరే పనికి వదిలి ఆగవచ్చు), లాక్ కోసం ఆగవచ్చు, ఇంటరప్టు కోసం ఎదురుచూడవచ్చు. అటువైపు అవేవీ కుదరవు. నా బోర్డు "పవర్ డౌన్" అని చెప్పి కూడా వెలుగుతూ ఉండిపోయిందంటే తప్పు ఏడో అంకెలో ఉందని ఆ ఒక్క వరుస నాకు చెప్పింది.

మూడో మెట్టు: ప్రతి పనికీ దాని చోటు ఎంచుకోండి

మీ డ్రైవర్‌కు నాలుగు చోట్లు అందుబాటులో ఉన్నాయి. ఏ పని ఎక్కడ పెట్టాలన్నది నా అనుభవంలో సగం పొరపాట్లకు మూలం. అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలుద్దాం.

రీబూట్ నోటిఫైయర్ అన్నిటికన్నా ముందు వస్తుంది. అప్పటికి పరికరాలన్నీ నడుస్తూనే ఉంటాయి. కొత్త పని తీసుకోవడం ఆపాలన్నా, నేపథ్యంలో నడిచే పనులను రద్దు చేయాలన్నా ఇది మంచి చోటు. ఒక డ్రైవర్‌కు సొంత షట్‌డౌన్ కాల్‌బ్యాక్ ఉంటే మాత్రం నోటిఫైయర్ అవసరం అరుదు.

షట్‌డౌన్ కాల్‌బ్యాక్ మీ పరికరాన్ని సర్దుకునే చోటు. డివైస్_షట్‌డౌన్ పరికరాల జాబితాను వెనక నుంచి ముందుకు చదువుతుంది కాబట్టి పిల్లలు తల్లిదండ్రుల కన్నా ముందు ఆగుతారు, డివైస్ లింకుల ద్వారా ఆధారపడినవారు తమకు ఆధారమైనవారి కన్నా ముందు ఆగుతారు. ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్‌ఎస్‌డీల డ్రైవర్ ఈ చోటును వాడుకునే తీరు చూసి నేర్చుకోదగ్గది. కంట్రోలర్ కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో "ఇక ఆగబోతున్నాం" అన్న బిట్లు రాసి, ఎస్‌ఎస్‌డీ తన లోపలి లెక్కలు ఫ్లాష్‌లోకి దించుకుని "సరే" అని స్థితి బిట్లలో చెప్పేవరకు గడువు పెట్టుకుని ఆగుతుంది. ఆ మాట చెప్పకుండా కరెంటు కోస్తే ఎస్‌ఎస్‌డీ తన స్మార్ట్ లాగ్‌లో ప్రమాదకరంగా ఆగిన సార్ల లెక్కను ఒకటి పెంచుకుంటుంది. ఈ లెక్క పరీక్షించేటప్పుడు మనకు పనికొస్తుంది.

షట్‌డౌన్ కాల్‌బ్యాక్‌కూ, డ్రైవర్‌ను తొలగించే రిమూవ్ కాల్‌బ్యాక్‌కూ ఉన్న తేడా మరవకండి. షట్‌డౌన్‌లో డ్రైవర్ పరికరం నుంచి విడిపోదు, దాని కోసం కేటాయించిన వనరులు విడుదల కావు. అందువల్లే దేవ్ఎమ్ పద్ధతిలో (డ్రైవర్ విడిపోయినప్పుడు తనంతట తానే రద్దయ్యేలా) నమోదు చేసుకున్న పవర్ ఆఫ్ కాల్‌బ్యాక్ చివరిదాకా బతికే ఉంటుంది.

మూడోది సన్నాహక దశ. ఇందులో నిద్రపోవచ్చు. పీఎమ్‌ఐసీలో మేలుకొలుపు కారణాలు అమర్చడం, ఇంటరప్టులు మూసేయడం, ఆపాల్సిన రిజిస్టర్ ప్రస్తుత విలువను చదివి దాచుకోవడం ఇక్కడ చేయాలి.

నాలుగోది అసలు పవర్ ఆఫ్. ఇక్కడ నిద్ర నిషిద్ధం.

ఐ2సీ మీద రాయాలంటే నిద్ర తప్పదు కదా, సన్నాహక దశలోనే కరెంటు కోసేద్దాం అన్న ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. అది తప్పు. సన్నాహక దశ తర్వాత కెర్నల్‌కు ఇంకా సిస్‌కోర్ షట్‌డౌన్, లాగ్ భద్రపరచడం మిగిలి ఉన్నాయి. అంతకుముందే కరెంటు పోతే అవి జరగవు. పైగా మీ తర్వాత అదే గొలుసులో ఉన్న మరో డ్రైవర్‌కు సర్దుకునే వీలే దొరకదు. రాక్‌చిప్ బోర్డుల్లో వాడే ఆర్‌కె8 వరుస పీఎమ్‌ఐసీల డ్రైవర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదవడానికి, రాయడానికి కెర్నల్ ఇచ్చే పొర) నిద్రపోవచ్చన్న భయంతో కరెంటు కోతను సన్నాహక దశలో పెట్టారు, తర్వాత 2024లో దాన్ని చివరి దశకు మార్చారు. ఇంకో చిక్కు కూడా ఉంది. సన్నాహక దశలో మాత్రమే నమోదు చేసుకుంటే, పైన చెప్పిన కెర్నల్_క్యాన్_పవర్_ఆఫ్ మిమ్మల్ని లెక్కలోకి తీసుకోదు. బోర్డులో ఇంకెవరూ లేకపోతే ఆదేశం హాల్ట్‌గా మారుతుంది, హాల్ట్ దారిలో సన్నాహక గొలుసు అసలు నడవదు.

నాలుగో మెట్టు: నమోదు

2022కు ముందు కెర్నల్‌లో పీఎమ్_పవర్_ఆఫ్ అనే ఒకే ఒక్క గ్లోబల్ ఫంక్షన్ పాయింటర్ ఉండేది. చివర రాసినవారిదే రాజ్యం. ఫర్మ్‌వేర్ డ్రైవర్ ఒకటి రాస్తుంది, పీఎమ్‌ఐసీ డ్రైవర్ దాన్ని చెరిపి తనది రాస్తుంది, మాడ్యూల్‌ను తొలగిస్తే పాయింటర్ శూన్యంగా మిగులుతుంది. పాత డ్రైవర్లలో "ఇప్పటికే ఎవరైనా ఉన్నారా" అని చూసే చిన్న తనిఖీలు కనిపించేది అందుకే. డిమిత్రీ ఒసిపెంకో రాసిన సిస్-ఆఫ్ హ్యాండ్లర్ల వ్యవస్థ 5.19లో చేరాక, ఒకే బోర్డులో పలువురు ప్రాధాన్యాల వరుసలో నిలబడే వీలు కలిగింది. మొదటివారు విఫలమైతే తర్వాతివారు ప్రయత్నిస్తారు. కొత్త కోడ్‌లో ఆ పాత పాయింటర్‌ను ముట్టుకోకండి.

ముందుగా డివైస్ ట్రీలో మీ పీఎమ్‌ఐసీ నోడ్‌కు సిస్టమ్-పవర్-కంట్రోలర్ అనే గుణం చేర్చండి. ఈ బోర్డు కరెంటు కోసే అధికారం ఈ చిప్‌ది అని దాని అర్థం. ఒకే పీఎమ్‌ఐసీ వేర్వేరు బోర్డుల్లో వేర్వేరు పాత్రల్లో ఉంటుంది. ఒక బోర్డులో అది ప్రధాన చిప్, మరో బోర్డులో కెమెరాకు మాత్రమే కరెంటిచ్చే సహాయక చిప్. అందుకే ప్రోబ్ ఫంక్షన్‌లో (పరికరం దొరికినప్పుడు డ్రైవర్‌ను మొదలుపెట్టేది) ఆ గుణం ఉంటేనే నమోదు చేసుకోండి.

నమోదుకు దేవ్ఎమ్_రిజిస్టర్_సిస్_ఆఫ్_హ్యాండ్లర్ వాడండి. దానికి ఐదు విషయాలు ఇవ్వాలి: పరికరం, దశ, ప్రాధాన్యం, కాల్‌బ్యాక్, కాల్‌బ్యాక్‌కు అందాల్సిన మీ సొంత డేటా. సన్నాహక దశకు ఒకసారి, అసలు పవర్ ఆఫ్ దశకు మరోసారి పిలవండి. రెండిటి తిరుగు విలువనూ తనిఖీ చేసి, లోపం వస్తే ప్రోబ్ నుంచి వెనక్కి వెళ్లండి. కరెంటు కోయలేని పవర్ డ్రైవర్ మౌనంగా లోడ్ కావడం కన్నా లోపం చూపి ఆగిపోవడం మేలు.

ప్రాధాన్యాల సంఖ్యలు ఇవి: ప్లాట్‌ఫామ్ స్థాయి -256, తక్కువ -128, మామూలు 0, ఎక్కువ 192, ఫర్మ్‌వేర్ 224. పెద్ద సంఖ్యవారు ముందు నడుస్తారు. పాత పాయింటర్ వాడే డ్రైవర్లు ఇంకా ఉంటే వాటిని కెర్నల్ మామూలు ప్రాధాన్యంతో గొలుసులో చేరుస్తుంది. పీఎమ్‌ఐసీకి మామూలు స్థాయి సాధారణంగా సరిపోతుంది. మీ బోర్డు ఫర్మ్‌వేర్ సిస్టమ్ ఆఫ్‌కు జవాబిచ్చి కూడా కరెంటు కోయకుండా లూప్‌లో ఉండిపోయే రకమైతే, దానికన్నా ముందు నడిచేలా, అది నమోదైన ప్రాధాన్యం కన్నా పెద్ద సంఖ్య ఇవ్వాలి.

కాల్‌బ్యాక్ తన పని చేశాక నోటిఫై_డన్ తిరిగి ఇవ్వాలి. గొలుసు తర్వాతివారి దగ్గరకు వెళ్లేందుకు అది దారి. పవర్ చిప్‌కు ఆదేశం అందాక కరెంటు వెంటనే పోదు, కెపాసిటర్లు ఖాళీ కావడానికి సమయం పడుతుంది. కాబట్టి రాసిన వెంటనే తిరిగి రాకుండా, డేటాషీట్ చెప్పిన గడువుకు కొంచెం ఎక్కువ కలిపి నిద్రపోకుండా ఆగే ఎమ్‌డిలే తో ఆగండి. ఎమ్‌స్లీప్ వాడకండి, అది నిద్ర. ఆ గడువు దాటి కూడా మీ కోడ్ నడుస్తోందంటే విఫలమైనట్టే. ఆ మాట లాగ్‌లో అత్యవసర స్థాయిలో రాయండి.

ఐదో మెట్టు: ఇంటరప్టులు లేనిచోట ఐ2సీ

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. మామూలుగా ఐ2సీ కంట్రోలర్ డ్రైవర్ ఒక బైటు పంపి, అది చేరిందన్న ఇంటరప్టు కోసం నిద్రపోతుంది. మెషిన్_పవర్_ఆఫ్ లోపల ఇంటరప్టులు మూసి ఉన్నాయి. ఆ కబురు సరిగా అందదు. ఒక్కోసారి అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది కూడా. దాన్ని నమ్మి ఉత్పత్తికి పంపకండి.

దీనికోసమే 2019లో వచ్చిన 5.2 కెర్నల్‌లో ఐ2సీకి అటామిక్ (నిద్రపోని) బదిలీ మార్గం చేర్చారు. సిస్టమ్ ఆగే స్థితిలో ఉండి, నిద్రపోలేని సందర్భం వస్తే ఐ2సీ కోర్ తనంతట తానే ఆ మార్గాన్ని ఎంచుకుంటుంది. కంట్రోలర్ డ్రైవర్‌లో ఆ మార్గం రాసి లేకపోతే "నో అటామిక్ ఐ2సీ ట్రాన్స్‌ఫర్ హ్యాండ్లర్" అన్న హెచ్చరిక లాగ్‌లో పడుతుంది. అది కనబడితే మీరు సరిచేయాల్సింది పీఎమ్‌ఐసీ డ్రైవర్‌ను కాదు, దాని కింద ఉన్న ఐ2సీ కంట్రోలర్ డ్రైవర్‌ను.

అటామిక్ మార్గం రాయడం అంత కష్టం కాదు. నిద్రపోయి ఇంటరప్టు కోసం చూసే చోట, స్థితి రిజిస్టర్‌ను లూప్‌లో చదువుతూ చిన్న చిన్న విరామాలతో గడువు పెట్టుకోవాలి. క్లాకు విషయంలో జాగ్రత్త అవసరం. క్లాకును సిద్ధం చేసే క్లాక్_ప్రిపేర్ నిద్రపోగలదు, క్లాక్_ఎనేబుల్ నిద్రపోదు. అందువల్ల ప్రోబ్ సమయంలోనే క్లాకును సిద్ధం చేసి ఉంచుకుని, అటామిక్ మార్గంలో ఎనేబుల్ మాత్రమే చేయాలి. ఐ.ఎమ్.ఎక్స్ కంట్రోలర్ డ్రైవర్ ఇలాగే చేస్తుంది, దాన్ని పక్కన పెట్టుకుని రాయండి. కంట్రోలర్ డ్రైవర్‌కు సొంత షట్‌డౌన్ కాల్‌బ్యాక్ ఉందేమో కూడా చూడండి. అది మూడో అంకెలోనే కంట్రోలర్‌ను ఆపేస్తే, ఏడో అంకెలో మీరు ఎంత అరిచినా పీఎమ్‌ఐసీకి వినబడదు.

తర్వాత లాకుల సంగతి. అటామిక్ సందర్భంలో ఐ2సీ కోర్ బస్సు లాక్ కోసం ఆగదు. దొరికితే తీసుకుంటుంది, లేకపోతే "మళ్లీ ప్రయత్నించు" అన్న లోపం ఇస్తుంది. బదిలీ మధ్యలో ఉన్న మరో ప్రాసెసర్‌ను కెర్నల్ అప్పుడే ఆపేసి ఉంటే ఆ లాక్ ఇక ఎప్పటికీ విడుదల కాదు, ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. కాబట్టి అదే బస్సు మీద ఉన్న మిగతా చిప్‌ల డ్రైవర్లు, ముఖ్యంగా బ్యాటరీ స్థాయినీ ఉష్ణోగ్రతనూ పదేపదే చదివేవి, తమ షట్‌డౌన్ కాల్‌బ్యాక్‌లో ఆ పనిని రద్దు చేసుకోవాలి. పదిసార్లు ఆపితే తొమ్మిదిసార్లు ఆగి, ఒకసారి మొరాయించే బోర్డును చూస్తే నేను మొదట వెతికేది ఇదే.

రెగ్‌మ్యాప్ మామూలుగా మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయే లాక్) వాడుతుంది, అక్కడ ప్రయత్నించి వదిలేయడం లేదు, నిలబడిపోవడమే. పైగా రెగ్‌మ్యాప్_అప్‌డేట్_బిట్స్ ముందు చదివి తర్వాత రాస్తుంది, అంటే రెండు బదిలీలు. నా పద్ధతి ఇది: సన్నాహక దశలో రిజిస్టర్ విలువను చదివి, ఆపే బిట్ కలిపి, డేటా నిర్మాణంలో దాచుకుంటాను. చివరి కాల్‌బ్యాక్‌లో ఐ2సీ_ఎస్ఎమ్‌బస్_రైట్_బైట్_డేటాతో ఆ ఒక్క బైటు నేరుగా రాస్తాను. ఒకే రాత, ఆపై ఎదురుచూపు, అంతే.

నిద్రపోయే కోడ్‌ను పట్టుకోవడానికి డీబగ్_అటామిక్_స్లీప్ ఐచ్ఛికాన్ని ఆన్ చేసి, హెచ్చరిక రాలేదు కాబట్టి అంతా బాగుందనుకునేవారిని చూశాను. ఆ తనిఖీ సిస్టమ్ స్థితి "నడుస్తోంది"ని దాటగానే నోరు మూసుకుంటుంది. రెండో అంకెలోనే ఆ స్థితి మారిపోయింది. ఈ దశలో దాని మౌనానికి అర్థం లేదు. నిజంగా నిద్రపోతే మాత్రం ఆర్‌సీయూ (కెర్నల్‌లోని ఒక రకం లాక్ పద్ధతి) చదువరి విభాగంలో సందర్భ మార్పిడి జరిగిందన్న హెచ్చరిక రావచ్చు, ఎందుకంటే పవర్ ఆఫ్ గొలుసు ఆర్‌సీయూ లాక్ కింద నడుస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఆరో మెట్టు: పరీక్ష

కెర్నల్ ఆదేశ వరుసలో ఇనిట్‌కాల్_డీబగ్, ఇగ్నోర్_లాగ్‌లెవెల్ చేర్చి బూట్ చేయండి. అప్పుడు డివైస్_షట్‌డౌన్ ముట్టుకునే ప్రతి పరికరం పేరూ కన్సోల్‌లో పడుతుంది. ఆగిపోయిన చోట చివర కనబడే పేరు ముద్దాయి కావచ్చు, దాని తర్వాత రావాల్సిన పేరు కావచ్చు. రెండిటినీ చూడండి.

యూజర్ ప్రోగ్రాముల ప్రమేయం లేకుండా కెర్నల్ భాగాన్ని మాత్రమే పరీక్షించాలంటే ప్రోక్ డైరెక్టరీలోని సిస్‌ఆర్‌క్యూ-ట్రిగర్ ఫైలులో ఇంగ్లిషు అక్షరం "ఓ" రాయండి. ఇది నేరుగా కెర్నల్_పవర్_ఆఫ్‌ను పిలుస్తుంది. అంతకుముందు "ఎస్", "యు" అక్షరాలు రాసి డిస్కుకు చేరాల్సినవి చేర్చి, ఫైల్ సిస్టమ్‌లను చదవడానికి మాత్రమే పరిమితం చేయడం మరవకండి. ఇలా చేస్తే ఆగి, మామూలు ఆదేశంతో ఆగకపోతే తప్పు పైన ఉంది. రెండూ విఫలమైతే కింద ఉంది.

కొన్నిసార్లు "పవర్ డౌన్" తర్వాత కెర్నల్ పానిక్ కనబడుతుంది, ఇనిట్‌ను (ఒకటో నంబరు ప్రాసెస్‌ను) చంపబోయారన్న ఫిర్యాదుతో. కొత్తవారు దీన్ని చూసి సిస్టమ్‌డీని అనుమానిస్తారు. జరిగింది వేరు. గొలుసులో ఎవరూ కరెంటు కోయలేదు, మెషిన్_పవర్_ఆఫ్ వెనక్కి తిరిగి వచ్చింది, రీబూట్ సిస్టమ్ కాల్ చివర్లో పిలిచిన ప్రాసెస్‌ను ముగించింది. పిలిచింది ఒకటో నంబరు ప్రాసెస్ కాబట్టి పానిక్ వచ్చింది. పానిక్ తర్వాత కొన్ని సెకన్లకు రీబూట్ కావాలని మీరు అమర్చి ఉంటే, పవర్ ఆఫ్ చేసిన ప్రతిసారీ బోర్డు తిరిగి లేస్తుంది. దాన్ని మేలుకొలుపు సమస్య అనుకుని వారాలు పోగొట్టుకోవచ్చు. బిజీబాక్స్ ఇనిట్ అయితే ఈ కాల్‌ను పిల్ల ప్రాసెస్‌తో చేయిస్తుంది, అందువల్ల అక్కడ పానిక్ రాదు, బోర్డు ఊరికే వెలుగుతూ ఉంటుంది. ఒకే లోపం రెండు ముఖాలు.

ఆగిన తర్వాత మల్టీమీటర్ తీయండి. ప్రాసెసర్ కోర్ సరఫరా, మెమరీ సరఫరా, బాహ్య పరికరాల 3.3 వోల్టుల సరఫరా విడివిడిగా కొలవండి. ఎల్ఈడీ ఆరిందన్నది సాక్ష్యం కాదు. కొన్ని బోర్డుల్లో ఎల్ఈడీ వేరే సరఫరా మీద ఉంటుంది. బ్యాటరీ పరికరమైతే ఆగాక బ్యాటరీ నుంచి లాగే కరెంటును మైక్రోయాంపుల్లో కొలిచి, పీఎమ్‌ఐసీ డేటాషీట్‌లోని ఆఫ్ స్థితి విలువతో పోల్చండి.

ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీ ఉంటే, పరీక్షకు ముందూ తర్వాతా ప్రమాదకరంగా ఆగిన సార్ల లెక్క చూడండి. వందసార్లు ఆపి లేపితే అది ఒక్కటి కూడా పెరగకూడదు. వంద అన్నది ఊరికే చెప్పడం లేదు. లాక్ దొరకని లోపాలు ఐదారు పరీక్షల్లో బయటపడవు. రిలేతో పవర్ బటన్ నొక్కించి రాత్రంతా నడిపించండి.

అత్యవసరంగా ఆగాల్సినప్పుడు

ఉష్ణోగ్రత హద్దు దాటినప్పుడు మీ డ్రైవర్ నుంచి నేరుగా కెర్నల్_పవర్_ఆఫ్‌ను పిలవకండి. హెచ్‌డబ్ల్యూ_ప్రొటెక్షన్_షట్‌డౌన్ అనే ఫంక్షన్ ఉంది. దానికి కారణాన్నీ, మిల్లీసెకన్లలో గడువునూ ఇస్తే ముందు యూజర్ ప్రోగ్రాముల ద్వారా మర్యాదగా ఆపడానికి ప్రయత్నిస్తుంది, గడువు దాటితే బలవంతంగా ఆపుతుంది. థర్మల్ వ్యవస్థ దీన్ని ఇప్పటికే వాడుతోంది. గడువును హార్డ్‌వేర్ బృందంతో మాట్లాడి పెట్టండి. చిప్ ఎంతసేపు ఆ వేడిని తట్టుకుంటుందో వారికే తెలుసు.

ఆగి, వెంటనే తానే లేస్తే

పానిక్ కాదని తేలాక మిగిలేది పీఎమ్‌ఐసీ. చాలా పీఎమ్‌ఐసీలకు ఛార్జర్ తగిలి ఉండడం కూడా లేవడానికి కారణమే. యూఎస్‌బీ తీగ గుచ్చి ఉంచి పరీక్షిస్తే బోర్డు ఆగిన మరుక్షణం లేస్తుంది. తీగ తీసి మళ్లీ చూడండి. గడియారం అలారం మిగిలిపోయి ఉన్నా ఇదే జరుగుతుంది. పీఎమ్‌ఐసీల్లో ఎందుకు లేచిందో చెప్పే రిజిస్టర్ తరచుగా ఉంటుంది. మీ ప్రోబ్ ఫంక్షన్‌లో మొదటి పనిగా దాన్ని చదివి లాగ్‌లో రాయండి, కొన్ని చిప్‌లలో చదవగానే అది చెరిగిపోతుంది. నా బోర్డులో అసలు డ్రైవర్ సరైపోయాక కూడా రెండు రోజులు పట్టింది ఈ ఒక్క రిజిస్టర్ దగ్గరే: పవర్ బటన్ తీగకు దాన్ని పై వోల్టేజీ దగ్గర పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ పెట్టడం మరిచిపోయారు, 3.3 వోల్టుల సరఫరా పడిపోయేటప్పుడు ఆ తీగ కూడా కిందికి జారి, ఎవరో బటన్ నొక్కినట్టు పీఎమ్‌ఐసీకి కనిపించింది. ఒక 100 కిలో ఓముల రెసిస్టర్‌ను బ్యాటరీ వైపు సరఫరాకు టంకం వేశాక మల్టీమీటర్ సున్నా చూపించింది, మర్నాడు పొద్దున కూడా సున్నానే చూపించింది.